కదలని మనిషి

మా బావ పళ్ల సెట్లు చేసేవాడు. వీధిలో అందరూ ఆయన్ని పళ్లాయన అనే పిలిచేవారు. ఇంటి ముందుగదే ఆయన పనిచోటు. డాక్టర్లు పంపిన దవడల అచ్చుల్లో, కొన్నిసార్లు నేరుగా వచ్చినవాళ్ల అచ్చుల్లో ప్లాస్టర్ కలిపి పోసేవాడు. అది గట్టిపడ్డాక దాని మీద గులాబీ రంగు మైనంతో చిగుళ్లు దిద్ది, సన్నటి పట్టకారుతో ఒక్కో పన్నూ ఊపిరి బిగబట్టి నాటేవాడు. పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆయన చేసిన సెట్టు పెట్టుకున్న మనిషి నవ్వితే, అవి కట్టుడు పళ్లని ఎవరో చెప్పాలి తప్ప తెలిసేది కాదు.

వచ్చిన చిక్కంతా అక్కడే. నలుగురిలోకి వెళితే మా బావ ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు, నోళ్లలోకి చూసేవాడు. ఒకసారి తెలిసిన పెద్దాయన పోతే చూడ్డానికి వెళ్లాం. శవం పక్కన కూర్చుని ఆయన భార్య నోరు తెరిచి ఏడుస్తోంది. మా బావ నా చెవి దగ్గరికి వంగి, "పై వరస నాదే. అంతలా ఏడుస్తున్నా ఊడిందా చూడు" అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మా అక్క మాత్రం అలవాటైన దానిలా తల దించుకుంది.

అక్క ఆ పనిలోనే ఉండేది. వెనకనున్న ఇరుకు గదిలో మోటారుకు తగిలించిన చక్రం మీద సెట్లకు మెరుగు పెట్టేది. సాయంత్రానికి మోచేతుల దాకా, కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము పేరుకునేది. పిల్లలు పుట్టలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన ఏమన్నా "సరే" అనేది. అన్యాయంగా అన్నా సరే, అడ్డంగా అన్నా సరే.

బావకు ముక్కు మీద కోపం. ఒక డాక్టరు, కింది వరస కొంచెం ఎత్తుగా ఉంది తగ్గించమని సెట్టు వెనక్కి పంపితే, దాన్ని గోడకేసి కొట్టాడు. "నా చేతి పనికి వంకలు పెట్టేంత మొనగాడా వాడు?" అని వీధంతా వినబడేలా అరిచాడు. పళ్లు బల్ల కిందికీ మంచం కిందికీ దొర్లిపోయాయి. అక్క మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్కటే ఏరింది. ఆ రోజు ఆయనకు కళ్లు తిరిగి పడిపోయినంత పనైంది. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందనీ, ఇలాగే అరుస్తూ పోతే మనిషి దక్కడనీ ఆస్పత్రిలో చెప్పారు.

భయపడిపోయిన అక్క ఆయన్ని ఒక ధ్యానం హాలుకు తీసుకెళ్లింది. బతిమాలి, బామాలి, చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లింది. బట్టల కొట్టు పైన పొడవాటి గది. నేల మీద చాపలు, మోకాళ్లు వంగనివాళ్లకు గోడ పక్కన కుర్చీలు. నడిపే ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అందరూ టీచరమ్మ అనేవారు.

"ఏమీ చేయొద్దు. కళ్లు మూసుకుని లోపల ఏం జరుగుతోందో చూస్తూ కూర్చోండి. అంతే" అని చెప్పిందావిడ.

"కూర్చోవడం ఒకరు నేర్పాలా? నేను పొద్దస్తమానం చేసేది కూర్చునే పనేగా" అని మొదట్లో బావ వెక్కిరించాడు. అయినా అక్క పోరు పడలేక వెళ్లేవాడు.

ఒకరోజు హాలు నుంచి వచ్చి ఇంట్లోకి రాకుండా గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాడు. అక్క కంగారుగా బయటికొచ్చింది. నేనూ ఆ పూట అక్కడే ఉన్నాను. ఆయన ఏడుస్తున్నాడు. అదివరకు ఆయన ఏడవడం నేను చూడలేదు.

"ఏమైందండీ?" అంది అక్క.

"లోపల ఎవరో ఉన్నారే. నేను అరుస్తుంటే అరవకుండా చూస్తున్నారు. నేను కాదు. కానీ నేనే. ఇన్నేళ్లూ అక్కడే ఉన్నట్టున్నారు, నేనే ఎప్పుడూ పలకరించలేదు."

అది అబద్ధం కాదు. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆయన వేరే మనిషి. అక్క పని ముగించుకుని వస్తే చేతుల మీద నీళ్లు పోసేవాడు. "తిన్నావా?" అని అడిగేవాడు. కాపురానికి వచ్చాక ఆ మాట మొదటిసారి విన్నానని అక్క నాతో చెప్పి, అదేదో దాచుకోవాల్సిన సంగతైనట్టు కొంగుతో మూతి తుడుచుకుంది.

అది ఎంతోకాలం నిలవలేదు. లోపల కనిపించినదాన్ని కూడా ఆయన పళ్ల సెట్టును చూసినట్టే చూడడం మొదలుపెట్టాడు. తన చేతి పని, తన సొత్తు, నలుగురూ చూసి మెచ్చుకోవాల్సిన వస్తువు.

ముందుగా ఒక గది కావాలన్నాడు. ఆ ఇంట్లో వెలుతురు బాగా వచ్చేది ఒక్క గదిలోనే. అక్కడ అక్క కుట్టు మిషన్ ఉండేది. మిషన్ వరండాలోకి వచ్చి, వానజల్లుకు తుప్పు పట్టింది. తర్వాత నియమాలు వచ్చాయి. ఆయన కూర్చున్నంతసేపూ మెరుగు చక్రం తిరగకూడదు. గిన్నె చప్పుడు కాకూడదు. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లి దగ్గాలి. చక్రం ఆపేసిన వేళల పని అక్కకు భోజనం చేసే వేళల్లోకి జరిగింది. ఆయన లోపల ప్రశాంతంగా ఉన్నంతసేపూ ఆవిడ బయట పిల్లిలా అడుగులేసేది.

ఆ పైన మాటలు మారాయి. ఇదివరకు తిట్లు తిట్టేవాడు. ఇప్పుడు గొంతు పెంచకుండా, చిన్నగా నవ్వుతూ అనేవాడు. అది మరీ దారుణంగా ఉండేది. తిడితే కనీసం పక్కింటివాళ్లకు వినబడేది, ఎవరో ఒకరు జాలిపడేవారు.

మా అమ్మ పోయినప్పుడు అక్క గోడకు ఆనుకుని ఏడుస్తోంది. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"ఏడుస్తున్నది ఎవరో ఒకసారి చూసుకో. నువ్వు కాదు, నీ అహం. 'నా అమ్మ' అంటోందే, ఆ 'నా' ఏడుస్తోంది" అన్నాడు.

"సరేనండీ" అని అక్క కళ్లు తుడుచుకుంది.

నా ఒళ్లు మండిపోయింది. "ఏడవనీయండి బావా, పోయింది మా అమ్మ" అన్నాను.

ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. "నీలో కోపం చాలా ఉంది. గమనించుకో."

పిల్లలు లేని సంగతి కూడా వదల్లేదు. ఇంటికి ఎవరైనా చంటిబిడ్డతో వస్తే అక్క ఎత్తుకునేది. వాళ్లు వెళ్లాక ఆయన, "కోరిక ఇంకా చావలేదన్నమాట" అనేవాడు, అచ్చులో దాక్కున్న గాలిబుడగను కనిపెట్టినంత తృప్తిగా. హాల్లో మాత్రం ఆయనకు మంచి పేరు. ఒకప్పుడు ఎంత కోపిష్టినో, ఇప్పుడెంత శాంతపడ్డానో కథలా చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. మనిషిలో అహం చావాలని అంత అహంకారంతో చెప్పిన వ్యక్తిని నేను మరొకరిని చూడలేదు.

అక్క పడిపోయిన రోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. "మీ అక్క కిందపడింది. ఓసారి రా" అన్నాడు. గొంతులో తొట్రుపాటు లేదు. నేను పరుగున వెళ్లేసరికి అక్క ధ్యానం గది గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. మూతి ఒక పక్కకు జారిపోయింది. కుడిచెయ్యి ఒంటికి తగిలించిన వేరే వస్తువులా ఉంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టాయి. చీరంతా తడిసిపోయి ఉంది. గది లోపల ఆయన కూర్చునే చాప చక్కగా చుట్టి మూలన నిలబెట్టి ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు, "ఇది ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు.

"నేను ధ్యానంలో ఉన్నాను. కళ్లు తెరిచి వచ్చేసరికి పడి ఉంది" అన్నాడు బావ.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్లం. ఇప్పుడు చెయ్యి, కాలు, మాట... ఎంత వెనక్కి వస్తాయో చెప్పలేను."

బావ కళ్లు మూసుకుని తలూపాడు. ధ్యానంలో ఉంటే వినబడదేమోలే అని నేను సరిపెట్టుకున్నాను. ఆయన్ని తప్పుపట్టే తీరిక కూడా అప్పుడు లేదు.

అక్క ప్రాణంతో ఇంటికి వచ్చింది. మాటల్లో ఒక్కటే మిగిలింది. సరే. జబ్బు అన్ని మాటలూ ఊడ్చుకుపోయి, ఏళ్ల తరబడి అరిగిపోయిన ఆ ఒక్కదాన్నీ వదిలేసింది. ఆకలేసినా సరే, నొప్పెట్టినా సరే, మండుకొచ్చినా సరే. పక్కనే ఉండి చెవి పెడితే తేడా తెలిసేది. నొప్పికి సాగదీసేది. వద్దనడానికి కత్తిరించినట్టు, సగంలో ఆపేసేది. కొద్దిరోజుల్లోనే నాకు పట్టుబడింది. బావకు పట్టుబడలేదు. ఆయన విన్నంతవరకు అది ఎప్పటి సరేనే.

నేను రోజూ నా పనికి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వెళ్లి అక్కకు ఒళ్లు తుడిచి, తినిపించేదాన్ని. ఒక సాయంత్రం వెళ్తే బావ లేడు. అక్క పక్కమీద ఎండిన పెదాలతో ఉంది, మంచినీళ్ల గ్లాసు ఎడమచేతికి కూడా అందనంత దూరంలో ఉంది. నీళ్లు తాగించి, ఆయన్ని నాలుగు మాటలు అడుగుదామని తిన్నగా హాలుకు వెళ్లాను.

అప్పుడే ధ్యానం ముగిసినట్టుంది. ఒక్కొక్కరూ తమ అనుభవం చెబుతున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. బావ వంతు వచ్చింది. నన్ను చూడలేదు.

"మనం నిజంగా స్థిరంగా ఉన్నామో లేదో మామూలు రోజుల్లో తెలియదు" అని మొదలుపెట్టాడు. "మా ఆవిడకు పక్షవాతం వచ్చిన రోజు నేను లోపల కూర్చుని ఉన్నాను. తలుపు కొట్టిన చప్పుడు వినబడింది. ఏమండీ అని పిలిచింది. మాట ముద్దగా వచ్చింది, అదీ గమనించాను. లేవాలనిపించింది. ఆ అనిపించడాన్ని కూడా చూశాను. కదల్లేదు. కొడుతూనే ఉంది, కొడుతూనే ఉంది, కాసేపటికి ఆగిపోయింది. చప్పుడు వచ్చింది, పోయింది. నేను సాక్షిగా ఉండిపోయాను."

ఆయన మెప్పు కోసం టీచరమ్మ వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. సెట్టు నోట్లో పెట్టి, అద్దం చేతికిచ్చి, ఎలా ఉందంటారని చూసే చూపు.

టీచరమ్మ ఆయన వైపు తిరిగింది.

"చప్పుడు విన్నది ఎవరు?" అని అడిగింది.

"లోపలి సాక్షి."

"లేవమన్నది?"

"మనసు."

"కాదు. లేవమన్నదే లోపలి మనిషి. మీరు ఇన్నాళ్లూ వెతుకుతున్న మనిషి ఆ పూట మీ భుజం పట్టి ఊపాడు. మీరు కూర్చోబెట్టారు. ఎవరి కోసం? ఇవాళ మాకు చెప్పుకోవడం కోసం."

బావ మొహం కందగడ్డలా అయింది. అయినా గొంతు పెంచలేదు. "మీరింకా ఆ స్థాయికి రాలేదు టీచరమ్మా. నా తప్పేమీ లేదు, మీకు అర్థం కావడానికి టైం పడుతుంది" అని చాప చుట్టుకుని లేచాడు. అప్పుడు నన్ను చూశాడు.

"అక్క తలుపు కొట్టడం విన్నావా నువ్వు?" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేదాన్ని. ఆ క్షణం నుంచి మళ్లీ అనలేదు.

"నువ్వు కోపంలో ఉన్నావు. తర్వాత మాట్లాడదాం" అని నన్ను దాటుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ రాత్రే అక్కను తెచ్చేసుకోవాల్సింది. కానీ నాకు ఉన్నది మేడ మీద ఒంటిగది. ఇల్లు మారితే తప్ప మనిషిని మోసుకెళ్లే వీలు లేదు. కింది అంతస్తులో చోటు వెతుక్కునేలోపు అక్కడ ఇంకో తతంగం మొదలైంది.

టీచరమ్మ దగ్గర మానేసి బావ ఇంట్లోనే మనుషుల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. పళ్లు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరు, వాళ్లు చెబితే వచ్చినవాళ్లు ఇంకొందరు. ముందుగదిలో బల్లలు పక్కకు జరిపి చాపలు వేశాడు. అల్మారాలో వరసగా పెట్టిన ప్లాస్టర్ దవడలు వాళ్లను చూసి పళ్లికిలిస్తుండేవి. ఆదివారం నేను జావ గిన్నెతో వెళ్లేసరికి అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకు తువ్వాలు కట్టి, వాళ్లందరి ఎదుట పెట్టాడు.

"చూడండి ఈవిడను. మనం ఏళ్లు కూర్చుని సాధించాలనుకునే మౌనం ఈవిడకు ఒక్కపూటలో దొరికింది. కోరిక లేదు, ఫిర్యాదు లేదు" అంటున్నాడు. తర్వాత అక్క వైపు వంగి, "నీకు ఎవరి మీదా కోపం లేదు కదా?" అన్నాడు.

"స..." అంది అక్క. కత్తిరించినట్టు.

"విన్నారా? ఆలోచించకుండానే ఒప్పుకుంది" అన్నాడు బావ.

ముందు వరసలో ఒకావిడ చేతులు జోడించింది. అక్క కళ్లు నన్ను పట్టుకున్నాయి. పెదవి జారిన పక్క నుంచి చొంగ కారుతోంది, తుడిచినవాడు లేడు. ఆవిడ కాలి కింద పీట కూడా తడిగా ఉంది.

గిన్నె కింద పెట్టి వెళ్లి తువ్వాలు విప్పాను.

"ఏం చేస్తున్నావు? మధ్యలో కదపకూడదు" అన్నాడు.

"మీ సాధన కానివ్వండి. మా అక్క ఒంటి మీద తడి బట్టతో కూర్చుని ఉంది. ఈయనగారు గమనించి ఉంటారు, కదలలేదంతే" అన్నాను వచ్చినవాళ్లతో.

ఇద్దరు ఆడవాళ్లు లేచి నాతోపాటు అక్కను పట్టుకున్నారు. ఒకావిడ బయట ఆటో పిలిచింది. బావ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు, చెయ్యి వేయలేదు. అంతమంది ఎదుట అరవలేడు కదా. పళ్లు బిగబట్టి నవ్వుతూ నిలబడ్డాడు. నా ఒంటిగదికి అక్కను ఆ ఇద్దరూ నేనూ కలిసి మెట్టు మెట్టుకూ ఆగుతూ మోసుకెళ్లాం.

అక్క వెళ్లాక ఆయన సభ ఎక్కువ కాలం నడవలేదని విన్నాను. చూపించడానికి మౌనం లేకపోయింది మరి. మెరుగు పెట్టే మనిషీ లేకపోయింది. సెట్లు గరుకుగా వస్తున్నాయని డాక్టర్లు వేరేచోటికి పంపసాగారు.

నేను కింది అంతస్తు ఇంట్లోకి మారాక ఒకరోజు వచ్చాడు. గడ్డం పెరిగింది. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కూర్చోలేకపోతున్నాను" అన్నాడు. "కళ్లు మూసుకుంటే ఎవరూ లేరు. ఒకప్పుడు ఉన్నారు, నేను చూశాను. ఇప్పుడు ఖాళీ ఇంట్లో అరిచినట్టుంది."

ఆయన మీద నాకు ఒక్క క్షణం జాలి వేసింది. తర్వాతి మాటతో అదీ పోయింది.

"మీ అక్క ఇంట్లో ఉంటే కుదిరేది. ఆవిడ ఉన్నప్పుడు అన్నీ బాగా జరిగేవి. పంపించు."

"దేనికి? నీకు ధ్యానం కుదరడానికా?"

అది తప్పు మాటని కూడా తోచలేదు ఆయనకు. నన్ను దాటి లోపలికి చూశాడు. అక్క బల్ల దగ్గర ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటోంది. సగం బల్ల మీద, సగం ఒళ్లో పడుతోంది. ఆయన వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పటిలా పాఠం చెబుతాడని చూశాను. చెంచా గిన్నెకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"విన్నాను" అన్నాడు చివరికి. "నువ్వు కొట్టింది విన్నాను. నీ మాట ముద్దగా ఉందని తెలిసింది. ఏదో అయిందని తెలిసింది. లేచి వస్తే ఒక్కరోజూ మానకుండా కూర్చున్న లెక్క తప్పుతుందని... హాల్లో చెప్పుకోవడానికి ఏమీ ఉండదని... లేవలేదు."

హాల్లో చెప్పింది కూడా ఇదే. కానీ ఈసారి మెప్పు కోసం ఎవరి మొహంలోకీ చూడలేదు. బల్ల మీద రెండు చేతులూ బోర్లా పెట్టి, వాటినే చూస్తున్నాడు.

అక్క చెంచా ఆపింది. ఆయన్ని తేరిపార చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. తలుపుకు అటువైపు ఉన్నది ఆవిడే కదా, ఆవిడకు ఎప్పుడో తెలుసు. మెల్లిగా తల ఆడించి, చెంచా మళ్లీ గిన్నెలో ముంచింది.

"క్షమించానని ఒక్కసారి..." అన్నాడు.

అక్క నోటి దాకా తెచ్చిన చెంచాను కింద పెట్టి, ఎడమచేతి వేలితో వీధి తలుపు చూపించింది. ఒక్కమాట కూడా పైకి రానివ్వలేదు. ఉన్న ఆ ఒక్కమాటను కూడా.

బావ లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంకొకరి పళ్ల సెట్ల కొట్లో, అక్క చేసిన పనే చేస్తున్నాడు. చక్రం ముందు కూర్చుని మెరుగు పెడతాడు. మోచేతుల దాకా దుమ్మేనట. ధ్యానం మాట ఎత్తడని అక్కడివాళ్లు చెప్పారు. నెలకోసారి మా ఇంటికి వస్తాడు. అక్క చేత్తో సైగచేసి రమ్మంటే లోపలికి వస్తాడు, లేకపోతే గుమ్మంలోనే మందులిచ్చి వెళ్తాడు. ఎక్కువసార్లు అక్క రమ్మనదు. మొన్న వచ్చినప్పుడు ఆవిడ కిటికీ దగ్గర ఎండలో కూర్చుని కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటిగా విప్పుకుంటోంది. బావ చూసి, మందుల సంచి నా చేతికిచ్చాడు. నేను తలుపు వేసేశాను.